మేకు లేని కుర్చీ... మన కొండల కలప!

వానాకాలం వచ్చిందంటే చాలా ఇళ్లలో తలుపులు ఉబ్బి గడియ పడవు. ఎండలు ముదిరితే అదే చెక్క బీటలు వారుతుంది. కలప తీరే అంత... గాలిలో తేమని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మరి చైనాలో మింగ్ రాజుల కాలంలో (1368-1644) చేసిన కుర్చీలూ బల్లలూ బీరువాలూ ఇప్పటికీ బిగువు సడలకుండా ఎలా ఉన్నాయి?

కిటుకంతా అతుకులోనే ఉంది. ఒక కర్ర చివరను నాలుకలా చెక్కుతారు. రెండోదానికి సరిగ్గా అదే కొలతలో బెజ్జం తొలుస్తారు. రెండూ కూర్చాక మేకులతో పనిలేదు, జిగురూ నామమాత్రమే. బల్ల పైపలకనైనా, బీరువా తలుపునైనా చట్రానికి కదలకుండా బిగించరు. చట్రం లోపలివైపు గాడి తీసి, పలక అంచును అందులోకి జొనుపుతారంతే. ఉబ్బినా కుంచించుకుపోయినా పలక ఆ గాడిలోనే సర్దుకుంటుంది. ఏదైనా విరిగితే విడదీసి, బాగుచేసి మళ్లీ బిగించుకోవచ్చు. ఇక కుర్చీ వీపు పలకనైతే మన వెన్నెముక వంపుకి తగ్గట్టే వంచి చెక్కారు!

మింగ్ కాలంలో సంపన్నులు మెచ్చిన కలప హువాంగ్‌హువాలీ. హైనాన్ దీవిలో పెరిగే చెట్టు. తేనెరంగు, సన్నని సువాసన. కొయ్యలోని ముడుల్ని చైనావాళ్లు 'దెయ్యం మొహాలు' అంటారు, అవి ఉంటే ముచ్చటపడతారు కూడా. 2015 మార్చిలో న్యూయార్క్‌లో రాబర్ట్ ఎల్స్‌వర్త్ సేకరణను వేలం వేస్తే, ఈ కలపతో చేసిన గుర్రపు లాడం ఆకారపు కుర్చీలు నాలుగింటికి 96 లక్షల డాలర్లకు పైగా పలికింది!

ఇంత ధర ఉన్నచోట నకిలీలు ఊరుకుంటాయా? 'పాతది' అంటే పైమెరుగు చూసి మురిసిపోకుండా తిరగేసి చూడాలి. తరాల తరబడి పాదాలు ఆనిన కింది అడ్డకర్ర అరిగి ఉండాలి. పైనా కిందా, మూలమూలనా ఒకే రంగు ఉందంటే అనుమానించాల్సిందే.

తర్వాత వచ్చిన చింగ్ చక్రవర్తులకు మరో కలప మీద మోజు. పేరు జిటాన్. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, నలుపు తిరిగిన ఎరుపు. చైనా ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఇప్పుడు జిటాన్ అనదగ్గ చెట్టు ఒక్కటే... మన ఎర్రచందనం! కడప, చిత్తూరు, తిరుపతి, నెల్లూరు ప్రాంతాల కొండలే దీని పుట్టిల్లు. రాజుల కాలంనాటి కుర్చీలు అందరికీ దొరకవు కదా, అదే పోలికలో కొత్తవి చేయించుకోవాలన్న ఆశ మన అడవిలోని దుంగల మీద పడింది.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో, ఎర్రచందనం కొట్టడానికి వచ్చారంటూ పోలీసులు జరిపిన కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. న్యూయార్క్ వేలం జరిగి అప్పటికి మూడు వారాలు.