క్యాప్ పడలేదా? తేల్చేది వీపు!

“డాక్టరుగారూ, ఈ క్యాప్ నాకు పడలేదు, తీసేయండి.” దంతవైద్యురాలిగా నేను తరచూ వినే మాట ఇది. మావారు మన బ్యాంకులోనే పనిచేస్తారు కాబట్టి స్టాఫ్ ఇళ్ళలో ఫంక్షన్లకు వెళ్ళినా ఇదే ప్రస్తావన వస్తుంది. కొందరికి వంకాయ పడనట్లే, నోట్లో పెట్టిన లోహమూ పడకపోవచ్చు. అయితే నిజంగా పడకపోవడం వేరు, పడలేదనుకోవడం వేరు. అది తేల్చుకోకుండా తీయించేస్తే డబ్బూ పోతుంది, మంటా మిగులుతుంది.

చాలా లోహపు క్యాపుల్లో నికెల్ ఉంటుంది. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు దురదపెట్టేది ఎక్కువగా దీనివల్లే. కట్టుడు పళ్ళ సెట్టులోని ఎక్రిలిక్, వెండిరంగు సిమెంటులోని పాదరసం కూడా కొద్దిమందికి పడవు. ఈ అలర్జీ వెంటనే బయటపడదు. రోజులు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ పదార్థం తగిలేచోటే ఎరుపు, మంట, బుగ్గ లోపల తెల్లని అల్లికలాంటి గీతలు కనిపిస్తే అనుమానించాలి. రబ్బరు గ్లవ్స్ తగిలిన నిమిషాల్లోనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది వేరే రకం. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

నిదానంగా వచ్చే అలర్జీని మామూలుగా చేసే అలర్జీ రక్తపరీక్ష పట్టుకోలేదు. దానికి ప్యాచ్ టెస్ట్ కావాలి. 1895లో జర్మన్ చర్మవైద్యుడు జోసెఫ్ యాడసోన్ చూపిన పద్ధతి ఇది. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపు మీద పట్టీలతో అంటిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు. 72 లేదా 96 గంటలకు మళ్ళీ చూస్తారు. బంగారం వంటివాటికి వారం తరువాత కూడా చూడాల్సి రావచ్చు. అన్నాళ్ళూ వీపు తడపకూడదు, చెమట పట్టే పనులు చేయకూడదు. అందుకే మండు వేసవిలో వద్దంటాను. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఒకసారి నా దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకావిడకు క్యాప్ చుట్టూ చిగురు ఎర్రబడింది. గిల్టు నగలూ పడవన్నారు. టెస్టులో నికెల్ తేలింది, ఆ క్యాపులోనూ నికెల్ ఉంది. జిర్కోనియా క్యాప్ పెట్టాక చిగురు నెమ్మదించింది. రెండో ఆవిడ పెద్దావిడ. సెట్టు మంటపెడుతోంది, కొత్తది చేయమన్నారు. టెస్టులో ఏమీ రాలేదు. రాత్రుళ్ళు కూడా సెట్టు తీయకపోవడంతో అంగిట్లో ఫంగస్ చేరింది. మందు వాడి, రాత్రిపూట తీసి శుభ్రం చేసుకోవడంతో పాత సెట్టే సరిపోయింది. రక్తహీనత, బి12 లోపం, నోరు ఎండిపోవడం, సెట్టు సరిగా కుదరకపోవడం వల్ల కూడా నోరు మండుతుంది. ముందు వాటినీ చూడాలి.

టెస్టులో ఒక పదార్థం తేలితే చాలదు. అది మీ నోట్లో ఉందో లేదో కూడా తెలియాలి. నికెల్ లేని క్యాపుకు నికెల్ అలర్జీని అంటగట్టలేం కదా! కాబట్టి పన్ను కట్టించుకునే ముందే మీకు పడని నగలు, వాచీ, బెల్టు బకిల్ గురించి డాక్టరుకు చెప్పండి. ఏ లోహం వాడారో బిల్లు మీద రాయించుకోండి. ఆ కాగితాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదంత భద్రంగా దాచుకోండి.