ఇంటి వాకిట వలస దోమ

శత్రువు కోట వెలుపల విడిసినప్పుడు రాజు సేనతో ఎదురు వెళ్తాడు. ఆ శత్రువే పౌరుల పెరళ్లలో, పూలకుండీల అడుగున, మూలన పడవేసిన పాత టైర్లలో కాపురం పెడితే ఏ సేన గెలవగలదు? ‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అని పెద్దలు ఊరక అనలేదు. పరదేశం నుంచి వలస వచ్చి జనావాసాల మధ్య స్థిరపడిన దోమల విషయంలో స్థానిక ప్రభుత్వాలు ఎదుర్కొనే చిక్కు సరిగ్గా ఇదే. వీధి ప్రభుత్వానిది, వాకిలి గృహస్థుడిది. దోమకు మాత్రం ఆ ఎల్లలు లేవు. ఇటలీ దేశంలోని ఒక ప్రాంతం ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నదో పరిశీలిస్తే, ప్రజారోగ్య పరిరక్షణలో పౌరుడి పాత్ర ఎంతటిదో బోధపడుతుంది.

లోకంలో వేల జాతుల దోమలు ఉన్నాయి. వాటిలో ‘ఏడిస్ ఆల్బోపిక్టస్’ ఒకటి. నల్లని దేహం మీద, కాళ్ల మీద తెల్లని చారలు ఉండటం వల్ల దీనికి ‘పులి దోమ’ అనే పేరు వచ్చింది. వీపు నడుమ సాగే ఒకే ఒక తెల్లని గీత దీని గుర్తు. ఆగ్నేయాసియా అడవులు దీని పుట్టిల్లు. అక్కడ చెట్ల తొర్రలలో నిలిచిన వాననీటిలో ఇది పెరిగేది. అడవులు తరిగి ఊళ్లు పెరిగేకొద్దీ తొర్రకు బదులు ఖాళీ డబ్బా, కొబ్బరి చిప్ప, పూలకుండీ కింది పళ్లెం దీనికి నెలవులయ్యాయి. మురుగునీటిలో పెరిగే దోమలకు భిన్నంగా ఇది కొద్దిపాటి తేటనీటిని కోరుతుంది. రాత్రివేళ కాక పగటివేళ కుడుతుంది. ఎక్కువ దూరం ఎగరలేదు. పుట్టిన చోటికి సాధారణంగా రెండు వందల మీటర్ల లోపే దీని సంచారం.

ఇంత స్వల్ప దూరం ఎగిరే ప్రాణి సముద్రాలను ఎలా దాటింది? ఈ ప్రశ్నకు సమాధానం దాని గుడ్లలో ఉంది. ఆడదోమ నీటి అంచుకు కొంచెం పైన, పాత్ర గోడకు అంటించి గుడ్లు పెడుతుంది. నీరు ఇంకిపోయినా అవి నెలల తరబడి చెడవు. మళ్లీ నీరు తగిలిన నాడు పొదుగుతాయి. ఆరుబయట పడి ఉన్న పాత టైర్లలో వాననీరు నిలుస్తుంది. దోమ అందులో గుడ్లు పెడుతుంది. ఆ టైర్లను వర్తకులు ఓడలకెక్కించి మరొక దేశానికి అమ్ముతారు. దోమ సముద్రయానం ఈ విధంగా సాగింది. 1979లో అల్బేనియాలో, 1985లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, 1990లో ఇటలీ ఓడరేవు జెనోవాలో దీని ఉనికిని గుర్తించారు. చలికాలమంతా గుడ్లు నిద్రావస్థలో ఉండి వసంతంలో పొదగడం వల్ల ఐరోపా శీతలం కూడా దీనికి అడ్డు కాలేదు.

మొదట్లో ఇటలీ ప్రజలు దీనిని దురద పుట్టించే ఉపద్రవంగా మాత్రమే భావించారు. 2007 వేసవితో ఆ భావన తొలగిపోయింది. ఎమీలియా–రొమాన్యా ప్రాంతంలో ఒక నదికి ఇరువైపులా ఉన్న రెండు చిన్న ఊళ్లలో, జూలై మొదలుకొని ఒకరి తరువాత ఒకరు జ్వరంతో, అడుగు వేయనీయని కీళ్లనొప్పులతో మంచం పట్టారు. పరిశోధకులు అది చికున్‌గున్యా అని తేల్చారు. భారతదేశం నుంచి బంధువులను చూడవచ్చిన ఒక వ్యక్తితో పాటు ఆ వైరస్ వచ్చి ఉంటుందని, అక్కడి పులి దోమలు దానిని ఇంటింటికీ చేర్చాయని వారు గుర్తించారు. సెప్టెంబరు చివరి నాటికి 205 మంది ఆ వ్యాధి బారిన పడ్డారు. ఒకరు మరణించారు. అయితే వ్యాధిని తెచ్చిన బాటసారిని నిందించడం వృథా. మోసే దోమ లేకపోతే ఆ వైరస్ అతనితోనే ఆగిపోయేది.

ఆ జ్వరం తెలుగువారికి అప్పటికే పరిచితం. 2005 చివరిలో ఆంధ్రప్రదేశ్‌లో తలయెత్తి, 2006లో దేశంలోని అనేక రాష్ట్రాలలో 13 లక్షలకు పైగా ప్రజలను పీడించినట్లు అంచనా వేసిన వ్యాధి ఇదే. చికున్‌గున్యా అనే మాట తూర్పు ఆఫ్రికాలోని మకొండె భాషకు చెందినది. ‘వంచివేసేది’ అని దాని భావం. ఆ రోజులలో నడుము వంగి, కర్ర ఊతంతో కదలిన వారిని చూసినవారికి ఆ పేరులోని సార్థకత వేరుగా చెప్పనక్కరలేదు.

ఇటలీ అధికారులు వెంటనే రోగుల ఇళ్ల పరిసరాలలో మందు చల్లించారు. ఇంటింటికీ సిబ్బందిని పంపి నీరు నిలిచిన పాత్రలను తొలగింపజేశారు. ఈ రెండింటిలో మొదటిది తాత్కాలికమే. మందు పొగ ఎగిరే దోమలను చంపుతుంది గాని, నీటిలోని లార్వాలను, పాత్ర గోడల మీది గుడ్లను నిర్మూలించలేదు. కొద్ది రోజులు తిరిగేసరికి కొత్త తరం రెక్కలు విప్పుతుంది. పైగా ఒకే మందును పదేపదే వాడితే దోమలు దానిని తట్టుకొనే శక్తిని సంతరించుకుంటాయి. మేలు చేసే కీటకాలు కూడా నశిస్తాయి.

అందువల్ల ఆ ప్రాంతమంతటా దీర్ఘకాలిక ప్రణాళిక అవసరమైంది. అందులో మొదటి అంగం నిఘా. చిన్న నల్లని డబ్బాలో నీరు పోసి, ఒక చెక్క బద్దను నిలుపుతారు. దోమ దాని మీద గుడ్లు పెడుతుంది. నియమిత వ్యవధిలో ఆ గుడ్లను లెక్కిస్తే ఏ పేటలో దోమలు పెరుగుతున్నాయో తెలుస్తుంది. రెండవ అంగం పురపాలక సంఘం బాధ్యత. వీధుల అంచున వాననీరు దిగే జాలీ గుంటలలో వేసవి పొడవునా లార్వాలను చంపే మందు వేయాలి. మూడవ అంగం గృహస్థుల బాధ్యత. తమ ఆవరణలోని గుంటలలో వారే మందు వేసుకోవాలి, నీరు నిలిచే వస్తువులను తొలగించాలి. ఇది విజ్ఞప్తితో ఆగలేదు. మేయర్లు ఉత్తర్వులు జారీ చేసి, పాటించని వారికి జరిమానాలు కూడా నిర్ణయించారు.

అయితే జరిమానా ప్రతి పెరటికీ కాపలా కాయలేదు. ‘ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి’ అన్నట్లు ఒక్క ఇల్లు ఉదాసీనంగా ఉన్నా ఇరుగుపొరుగులకు ముప్పు తప్పదు. అందుకే బడిపిల్లలకు బోధించడం, గడప గడపకూ వెళ్లి మాట్లాడటం ఈ కార్యక్రమంలో ముఖ్యభాగాలయ్యాయి. దోమలు మురుగుకాలువ నుంచే వస్తాయని నమ్మేవారికి కరపత్రం చాలదు. తన పూలకుండీ కింది తేటనీటిలో కదలాడే లార్వాను కళ్లారా చూసినవాడే ఆ నీటిని పారబోస్తాడు.

ఇంత చేసినా విజయం శాశ్వతం కాలేదు. 2017లో రోమ్ నగర పరిసరాలలో, 2025లో ఎమీలియా–రొమాన్యాలోనే మోదెనా పరిసరాలలో చికున్‌గున్యా మళ్లీ వ్యాపించింది. ఏటా వేసవి వచ్చినట్లే ఈ పని కూడా ఏటా చేయవలసినదే.

మన పట్టణాలలో డెంగీని, చికున్‌గున్యాను వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై కూడా ఒకనాడు ఆఫ్రికా నుంచి తరలివచ్చిన దోమే. ఆంధ్రప్రదేశ్‌లో శుక్రవారాన్ని ‘డ్రై డే’గా పాటించమనడంలోను, 2020లో తెలంగాణ పురపాలక శాఖ ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంటి శుభ్రతకు కేటాయించమనడంలోను ఉన్న సూత్రం ఒక్కటే. గుడ్డు పొదిగి దోమగా మారడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. వారానికొకసారి నీటిని పారబోసి, తొట్టి గోడలను రుద్ది కడిగితే ఆ చక్రం తెగుతుంది.

ఇక్కడ ప్రభుత్వం మరువరాని విషయం ఒకటి ఉంది. కుళాయి నీరు రెండు మూడు రోజులకొకసారి వచ్చే పేటలలో ప్రజలు డ్రమ్ములలో, తొట్లలో నీరు నిలువ చేసుకోక తప్పదు. వారిని నీరు పారబొయ్యమనడం న్యాయం కాదు. నిత్యం నీరు అందించడం, అది వీలుకాని చోట తొట్లకు బిగువైన మూతలు సమకూర్చడం పాలకుల ధర్మం. అందిన మూతను తీసి పక్కన పెట్టకపోవడం పౌరుల ధర్మం. ఈ ఉభయ ధర్మాలూ కలిసి నడిచిన ఊరిలోనే దోమకు నిలువ నీడ ఉండదు.