లువార్ లోయలో ఇద్దరే

డిసెంబరు చివర్లో ఫ్రాన్స్‌లోని విలాండ్రీ కోట తోటలో పూలుండవు. వేసవిలో ఫొటోలకెక్కే రంగులన్నీ రాలిపోయి, పొట్టిగా కత్తిరించిన బాక్స్‌వుడ్ పొదలు మాత్రం పచ్చగా నిలబడి ఉంటాయి. ఆ తోట అసలు గీత కంటికి ఆనేది అప్పుడే. కోట పక్కన నాలుగు చదరాలు. ఒకదాంట్లో హృదయాలు, వాటి మధ్య మంటలు. అది లేత ప్రేమ. రెండోదాంట్లో అవే హృదయాలు ముక్కలై, దారి తెలియని వలయాల్లా అల్లుకుపోతాయి. అది మోహం. మూడోది చంచల ప్రేమ. మూలల్లో విసనకర్రలు, నడుమ ప్రేమలేఖలు. నాలుగోదాంట్లో కత్తులూ బాకులూ. విషాదాంత ప్రేమను కూడా పొదలతోనే చెప్పారు.

ఈ తోటను తీర్చిదిద్దిందీ ఓ జంటే. స్పెయిన్‌లో పుట్టిన వైద్య పరిశోధకుడు కార్వాల్యో, అమెరికా అమ్మాయి ఆన్ కోల్‌మన్. పారిస్‌లో శాస్త్రవేత్త షార్ల్ రిషే ప్రయోగశాలలో పరిచయమై పెళ్లి చేసుకున్నారు. 1906లో విలాండ్రీ కోట కొన్నారు. పరిశోధనలు పక్కన పెట్టేసి, కోటనూ తోటనూ పునరుజ్జీవన కాలపు తీరుకు తేవడానికే బతుకు ధారపోశారు. చలికాలంలో కోట గదులు కొన్ని వారాలు మూసి ఉన్నా, తోట ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది.

హనీమూన్‌కు ఫ్రాన్స్ అనగానే మన కొత్త జంటలు ఐఫిల్ టవర్ దగ్గర ఫొటో దిగి, మర్నాడు పొద్దున్నే స్విట్జర్లాండ్ బస్సెక్కేస్తున్నారు. ఆరు రోజుల్లో నాలుగు దేశాలు తిప్పే ప్యాకేజీలో సగం ప్రయాణం బస్సు కిటికీ పక్కనే గడిచిపోతుంది. పారిస్‌లో రైలెక్కితే గంట, గంటంబావులో విలాండ్రీ ఉన్న లువార్ లోయ. సుల్లీ నుంచి షాలోన్ దాకా నది వెంట సుమారు 280 కిలోమీటర్ల మేర ఈ లోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సెలవు వారమే ఉన్న జంటకు ఈ ఒక్క లోయ, అందులో ఒక్క ఊరు, ఆ ఊళ్లో ఒక్క గది చాలు.

పంచాంగం చూసుకుంటే

కార్తిక, మార్గశిర మాసాల్లో పెళ్లయినవారికి డిసెంబరు మధ్య నుంచి ధనుర్మాసం వస్తుంది. ముహూర్తాలుండవు కాబట్టి చుట్టాల పెళ్లిళ్లకు హాజరు వేయించుకోవాల్సిన పనీ ఉండదు. సంక్రాంతికి మాత్రం కొత్త అల్లుడు అత్తారింట్లో ఉండి తీరాలి. ఈ మధ్యలో దొరికేదే వారం, పది రోజులు. మాఘమాసం పెళ్లిళ్ల వారికైతే ఫిబ్రవరి కలిసొస్తుంది.

క్రిస్మస్ ముందు వారాల్లో ఇక్కడి కోటలకు అలంకారాలు చేస్తారు. లువార్‌కు ఇదే మంచి అదను. జనవరి మొదటి వారం దాటితే పల్లెల్లో చాలా హోటళ్లు, రెస్టారెంట్లు ఏటా తీసుకునే సెలవుకు తాళాలేస్తాయి. గదులు చౌకగానే దొరుకుతాయి కానీ భోజనానికి వెతుక్కోవాలి. ఫిబ్రవరి 2న షాండలర్ పండగ. ఆ రోజు ఇంటింటా క్రేప్‌లనే పల్చటి అట్లు పోస్తారు. ఒక చేత్తో నాణెం పట్టుకుని, ఇంకో చేత్తో పెనంలోని క్రేప్‌ను ఎగరేసి తిరగేస్తే ఏడాదంతా డబ్బుకు లోటుండదని వాళ్ల నమ్మకం.

మంచు చూడాలని మాత్రం ఇక్కడికి రావద్దు. అందుకు ఆల్ప్స్ ఉన్నాయి. డిసెంబరు, జనవరిలో ఇక్కడ ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది డిగ్రీల చలి, పొగమంచు, సన్నటి వాన. బరువైన జాకెట్ ఒకటి తక్కువైనా ఫర్వాలేదు, తడవని బూట్లు లేకపోతే కష్టం.

నది మీద నాట్యశాల

షేర్ నదికి అడ్డంగా నిలబడ్డ కోట షెనోన్సో. రాజు రెండో హెన్రీ దీన్ని తన ప్రేయసి డయాన్ ద ప్వాతియేకు రాసిచ్చాడు. నది మీద వంతెన కట్టించింది ఆవిడే. 1559లో రాజు పోగానే పట్టపురాణి కేథరిన్ ద మెడిచి ఆమె చేత ఈ కోట ఖాళీ చేయించి, బదులుగా షోమోన్ కోట చేతిలో పెట్టింది. తర్వాత ఆ వంతెన మీదే 60 మీటర్ల పొడవున నాట్యశాల కట్టించింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ హాలే గాయపడ్డ సైనికులకు ఆస్పత్రి అయింది. రెండో యుద్ధంలో జర్మన్ల చేతిలోని భాగానికీ మిగతా ఫ్రాన్స్‌కూ ఈ నదే హద్దు. హాలుకు ఒక గుమ్మం ఆ వైపు, ఇంకో గుమ్మం ఈ వైపు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎందరో ఆ గచ్చు మీదుగా అవతలి ఒడ్డుకు దాటారు.

వేసవిలో ఇక్కడ జనం భుజాలు రాసుకుంటూ కదలాల్సిందే. చలికాలంలో అంత రద్దీ ఉండదు. పొయ్యిల్లో కట్టెలు మండుతుంటాయి. కోటకు సొంత పూల విభాగం ఉంది. అక్కడివాళ్లే పేర్చిన పూలగుత్తులు గదిగదిలో ఉంటాయి. తూర్ పట్టణం నుంచి లోకల్ రైల్లో అరగంట ప్రయాణం. స్టేషన్లో దిగితే కోట గేటు పక్కనే.

షాంబోర్ కోటకు వెళ్లడం ఇంత తేలిక కాదు. బ్లువా స్టేషన్ నుంచి చలికాలంలో బస్సులు పలచబడతాయి కాబట్టి కారో టాక్సీయో మాట్లాడుకోవాలి. 1519లో రాజు మొదటి ఫ్రాన్స్వా మొదలుపెట్టిన ఈ మహా కట్టడంలో 282 పొయ్యి గూళ్లున్నాయి. ఇంతా చేసి రాజు తన ఏలుబడి మొత్తంలో ఇక్కడ ఉన్నది 72 రోజులే. కొత్త దంపతులు తప్పక ఎక్కాల్సినవి నడిమధ్యలోని జంట మెట్లు. రెండు మెట్ల వరుసలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి పోతాయి. ఒకరు ఇటు, ఒకరు అటు ఎక్కితే నడిమి కిటికీల్లోంచి ఒకరికొకరు కనిపిస్తారు, పైకి చేరేదాకా ఎదురుపడరు. ఈ ఆలోచన లియొనార్డో డావించీదేనని చాలామంది అంటారు. ఆయన చివరి మూడేళ్లు గడిపి 1519 మే 2న కన్నుమూసిన ఇల్లు క్లో లూసే దగ్గర్లోని అంబ్వాజ్‌లోనే ఉంది. వెంట తెచ్చుకున్న మోనాలిసా ఆయన తదనంతరం రాజు సేకరణలో చేరింది. 1939లో యుద్ధ భయంతో లూవ్ర్ మ్యూజియం నుంచి తరలించినప్పుడు ఆ చిత్రాన్ని మొదట దాచింది షాంబోర్‌లోనే.

రోజుకు ఒక్క కోట చాలు. డిసెంబరులో పొద్దెక్కేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, సాయంత్రం అయిదు దాటగానే పొద్దుగుంకుతుంది. రెండు కోటలు పెట్టుకుంటే రెండోది హడావుడే.

గది, భోజనం

ఉండటానికి హోటల్ కన్నా షాంబ్ర్ దోత్ మేలు. అంటే సొంతింట్లో కొన్ని గదులు అద్దెకిచ్చే పద్ధతి. చట్టం ప్రకారం అయిదు గదులు, 15 మందికి మించకూడదు. ఉదయం ఫలహారం అద్దెలోనే కలిసి ఉంటుంది. ముందే చెబితే కొన్ని ఇళ్లలో రాత్రి భోజనమూ పెడతారు. ఇంటివాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. ఈ లోయ కొండచరియలు తూఫో అనే మెత్తటి సున్నపురాయి. కోటలకు రాయి తవ్వుకున్న గుహలే తర్వాత ఇళ్లయ్యాయి, పుట్టగొడుగుల తోటలయ్యాయి. లోతైన గుహల్లో ఏడాదంతా సుమారు 12 డిగ్రీలే. అలాంటి గుహల్లో గదులూ రెస్టారెంట్లూ ఉన్నాయి.

గుహ రెస్టారెంట్లో దొరికే ఫువే తినకుండా రావద్దు. కట్టెల పొయ్యి లోపలికి చిన్న పిండి బిళ్ల తోస్తారు. నిమిషాల్లో పూరీలా పొంగుతుంది. పొగలు కక్కుతుండగానే చీల్చి, వెన్న రాసి, ఉడికించిన తెల్ల బీన్స్ కూరో మేకపాల చీజో నింపుకుంటారు. శాకాహారులు రియెట్ వద్దని ముందే చెప్పాలి, అది పంది మాంసం. ఫ్రెంచ్ చీజ్‌లలో చాలావాటికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు కాబట్టి నియమం గట్టిగా పాటించేవారు దాన్నీ అడిగి తెలుసుకోవాలి. జనవరి మొదట్లో వెళ్తే బాదం ముద్ద కూరిన గాలెత్ దే రువా రొట్టె ప్రతి బేకరీలోనూ ఉంటుంది. లోపల దాచిన చిన్న బొమ్మ ఎవరి ముక్కలో వస్తే కాగితం కిరీటం వాళ్లకే.

పల్లెల్లో వేళలు గట్టివి. మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు దాకా, రాత్రి ఏడు తర్వాతే. ఆదివారం రాత్రి, సోమవారం చాలాచోట్ల వంటశాలలు తెరవరు. కాబట్టి శనివారమే గదిలోకి రొట్టె, చీజ్, పండ్లు తెచ్చిపెట్టుకోవాలి. ఐఫిల్ టవర్ టికెట్లకు 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ చెల్లుతోంది కానీ పల్లెలో దాన్ని నమ్ముకోలేం. కార్డు, కాస్త నగదు దగ్గరుంచుకోవాలి. కారు అద్దెకు తీసుకునేవారికి మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ కూడా ఉండాలి. స్టీరింగ్ ఎడమ పక్క, బండి నడిచేది కుడి పక్క. అలవాటు లేని చేతులకు పొగమంచులో సాయంత్రం డ్రైవింగ్ వద్దు.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా పారిస్ చేరొచ్చు. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు నుంచి నేరు విమానాలున్నాయి. పారిస్ విమానాశ్రయంలోనే టీజీవీ (అతివేగ రైళ్ల) స్టేషన్ ఉంది. అక్కడి నుంచి తూర్ పక్కనున్న సెన్ పియేర్ దే కోర్‌కు నగరంలోకి అడుగుపెట్టకుండానే వెళ్లే రైళ్లున్నాయి.

ఇక వీసా. షెంగెన్ రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పెళ్లయిందని అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాల్సిన పనిలేదు. టికెట్, వీసా, బీమా మూడింటా పాస్‌పోర్టులోని పేరే అక్షరం తేడా లేకుండా ఉంటే చాలు. దరఖాస్తు ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచి ఇవ్వొచ్చు, 15 రోజుల్లోపు అయితే ఆలస్యమైనట్టే. చలికాలం పెళ్లి కుదిరినవారు లగ్నపత్రిక రాసుకున్న వారంలోనే వీసా స్లాట్ కోసం చూడండి.