పెట్టె సర్దడం చివరి పని

మా తిరువూరులో ఎవరైనా దూరదేశం వెళుతున్నారంటే ముందుగా వచ్చేది ఊరగాయ జాడీ సంగతి. మా అక్కయ్య కొడుకు టాంజానియా వెళుతున్నాడని తెలిసిన మరునాడే వీధిలోని ఇల్లాళ్లు ముగ్గురు వచ్చి "ఆవకాయ మేము పెట్టిస్తాం" అన్నారు. వాడు డబ్బు సంపాదనకు వెళ్లడం లేదు. ఒక క్రైస్తవ సంఘంవారి ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే పనికి, భార్యతో సహా మూడేళ్లు ఉండే ఒప్పందం మీద వెళుతున్నాడు. ఆరు నెలల పాటు ఆ ఏర్పాట్లన్నీ మేనమామను గనుక దగ్గరుండి చూశాను. ఇటువంటి ప్రయాణం మీ ఇంట్లోనూ తటస్థపడవచ్చు. అందుకే నేను నేర్చుకున్నది నాలుగు మాటల్లో చెబుతాను.

"మనవాళ్లు ఇలా వెళ్లినట్టు ఎప్పుడైనా విన్నామా?" అన్నది అక్కయ్య. విన్నాము. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ చెన్నపట్నం నుంచి తెచ్చిన కూలీలను దక్షిణాఫ్రికాలోని దర్బను రేవులో దించింది. అది మొదలు 1911 వరకు మన దేశం నుంచి లక్షన్నర మంది నటాలు తోటలకు ఐదేళ్ల ఒప్పందాల మీద వెళ్లారు. వారిలో తెలుగు బాప్టిస్టు క్రైస్తవులూ ఉన్నారు. వారి కోసం 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు ఓడ ఎక్కారు. ఆయనను పంపినది దొరలు కాదు, తెలుగు బాప్టిస్టులు తామే పెట్టుకున్న స్వదేశ మిషనరీ సంఘం. ఆ ఏడే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం ఏర్పడింది. పన్నెండేళ్లు తోటల వెంట తిరిగి, 1915లో రంగయ్యగారు అక్కడే కన్నుమూశారు.

ఈ కథ చెప్పగానే మా మేనల్లుడు ఒక్క మాట పట్టుకున్నాడు. "ఆయనకు భాష సమస్య లేదు కదా, మామయ్యా! వాళ్లూ తెలుగువాళ్లే, ఆయనా తెలుగువారే." నిజమే. ఆ సౌకర్యం మనవాడికి లేదు. కనుక మొదటి ఏర్పాటు స్వాహిలీ భాష. సాయంత్రం అన్నం తిన్నాక మొగుడూ పెళ్లామూ పలక పట్టిన పిల్లల్లా కూర్చునేవారు. దుకాణాన్ని 'దూకా' అంటారనీ, డబ్బును 'పేసా' అంటారనీ, చాయ్, చపాతీ మనవేననీ తెలిసి అక్కయ్య కూడా దగ్గరికి జరిగింది. పెద్దవాళ్లు కనబడితే 'షికమో' అనాలట. పాదాలు పట్టుకుంటున్నాను అనే మాట నుంచి వచ్చిందట అది. పెద్దలు 'మరహబా' అని బదులు చెబుతారు. "అయితే అక్కడా మర్యాద తెలిసినవాళ్లే ఉన్నారన్నమాట!" అన్నది అక్కయ్య. అప్పటివరకు ఆమె మనసులో ఉన్న ఆఫ్రికా సింహాలదీ అడవులదీ. ఆ ఒక్క మాటతో అది మనుషుల దేశమైంది.

రెండవది కాగితాల పని. చూసి వచ్చేవారి వీసా మీద వెళ్లి పనిచేయడం నేరం. మిషనరీలకు ఆ దేశంలో 'సి' తరగతి నివాస అనుమతి వేరే ఉన్నది. చదువు పత్రాలు, పోలీసువారి ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా టిక్కెట్టు కొనవద్దు. టీకాల సంగతి కూడా చివరికి వదిలేయరాదు. పచ్చజ్వరం టీకా కావాలా అన్నది వెళ్లే దేశాన్నీ, దారిలో విమానం మారే దేశాన్నీ బట్టి ఉంటుంది. వేయించుకున్న పది రోజులకు గాని ఆ పత్రం చెల్లదు. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాలలోనే వేస్తారు. హైదరాబాదు నారాయణగూడలో అటువంటిది ఒకటి ఉన్నది. మలేరియా మాత్రలలో కొన్ని ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి. ఏవి, ఎప్పుడు అన్నది డాక్టరుగారు చెప్పాలి, పొరుగింటివారు కాదు.

మూడవది డబ్బు. విదేశంలో ఏళ్ల తరబడి ఉండబోయేవారు ఇక్కడి బ్యాంకు ఖాతాను ప్రవాసుల ఖాతాగా మార్పించుకోవాలి. బ్యాంకు పంపే రహస్య అంకెలు వచ్చే ఫోను నంబరు ఆగిపోకుండా చూసుకోవాలి. ఇల్లు, పొలం పనులు చూసేవారికి అధికార పత్రం రాసి ఇవ్వాలి. అక్కయ్య మందులకూ కరెంటు బిల్లుకూ నెలనెలా ఎవరు వెళతారో పేరు పెట్టి నిర్ణయించాలి. 'అందరూ చూసుకుంటారు' అంటే ఎవరూ చూడరని అర్థం.

ఇవన్నీ అయ్యాక కూడా వాడు పెట్టె తెరవలేదు. ఏదో అడగాలని అమ్మ చుట్టూ తిరుగుతున్నాడు, నోరు రావడం లేదు. అక్కయ్యకు డెబ్బయి నాలుగు నిండాయి. గుండెకు మందులు వాడుతున్నది. చివరికి ఆమే తేల్చింది.

"ఏమిరా, నేను పోతే రాగలవా అని కదూ నీ బెంగ?"

వాడు తల వంచుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"విను. రెండు విమానాలు మారి నువ్వు వచ్చేదాకా నన్ను ఐసు పెట్టెలో పెట్టి ఉంచవద్దు. మామయ్య ఉన్నాడు, సంఘం ఉన్నది, మట్టి వాళ్లు వేస్తారు. నువ్వు అక్కడే ప్రార్థన చేసుకో. చచ్చాక వచ్చే ఖర్చు నేను బతికుండగానే పెట్టు. మామిడిపండ్ల రోజులలో రా, రెండో ఏటనే. చిన్నరసాలు కలిసి తిందాం."

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత వాడు కాగితం తీసి, పంపుతున్న సంఘంవారికి రెండవ వేసవిలో నెల రోజుల సెలవు కావాలని ఉత్తరం రాశాడు. పది రోజుల్లో ఒప్పుకుంటూ జవాబు వచ్చింది. ఆ ఉత్తరం ఇప్పుడు అక్కయ్య బైబిలులో ఉన్నది.

దూరం వెళ్లే బిడ్డలు గల తల్లులకూ, తల్లుల్ని విడిచి వెళ్లే బిడ్డలకూ నేను చెప్పేది ఇంతే. అడగడానికి భయపడే ఆ ఒక్క ప్రశ్నను బయలుదేరక ముందే అడగండి. జవాబు మీరనుకున్నంత కఠినంగా ఉండకపోవచ్చు.

పెట్టె మాత్రం ప్రయాణానికి ముందు రాత్రి గంటలో సర్దేశారు. తూకం మీద ఐదు కిలోలు ఎక్కువ వచ్చింది. వాడు చొక్కాలు తీసేశాడు. ఆవకాయ జోలికి మాత్రం పోలేదు.