బ్యాట్‌మ్యాన్ సినిమాలు - మూలపాత్రకు విధేయత

అమెరికా కామిక్ పుస్తకాలలోని సూపర్ హీరో బ్యాట్‌మ్యాన్ ఆధారంగా తీసిన సినిమాలు మూలపాత్రకు ఎంతవరకు కట్టుబడి ఉండాలి అన్నది అభిమానులు, విమర్శకుల మధ్య దీర్ఘకాలంగా సాగుతున్న చర్చ. దుస్తులు, వాహనాలు, ఉపపాత్రల విషయంలో ఎన్నో మార్పులు జరిగినా, ఈ చర్చలో ప్రధానమైనది బ్యాట్‌మ్యాన్ మనుషులను చంపవచ్చునా అన్న ప్రశ్న.

మూలపాత్ర

చిత్రకారుడు బాబ్ కేన్, రచయిత బిల్ ఫింగర్ సృష్టించిన ఈ పాత్ర 1939లో "డిటెక్టివ్ కామిక్స్" 27వ సంచికలో మొదటిసారి కనిపించింది. బాల్యంలో తన కళ్ళెదుటే తల్లిదండ్రులు హత్యకు గురికాగా, బ్రూస్ వేన్ నేరస్థులపై పోరాడతానని ప్రతిన పూనిన వృత్తాంతం అదే సంవత్సరం 33వ సంచికలో వెలువడింది.

తొలి కథలలో ఈ నాయకుడు చంపడానికి వెనుదీయలేదు. మొదటి కథలోనే ప్రతినాయకుడు అతని దెబ్బకు ఆమ్లపు తొట్టిలో పడి మరణిస్తాడు. 1940లో వచ్చిన "బ్యాట్‌మ్యాన్" మొదటి సంచికలో అతడు విమానం నుండి మరతుపాకి పేలుస్తాడు. ఆ తరువాత సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ ఇటువంటి సన్నివేశాలను నిషేధించాడు. కాలక్రమంలో ఈ నియమమే పాత్ర స్వభావంగా స్థిరపడింది. తల్లిదండ్రులను కోల్పోయిన బాధ తెలిసినవాడు మరొకరి ప్రాణం తీయడు అన్నది తరువాతి రచయితలు దీనికి కల్పించిన సమర్థన.

సినిమాలలో మార్పులు

1966 నాటి సినిమా హాస్యప్రధానమైనది. ఆనాటి కామిక్ కథలు కూడా తేలికగానే ఉండేవి కనుక, దానిని పూర్తిగా మూలవిరుద్ధమని చెప్పలేము.

టిమ్ బర్టన్ దర్శకత్వంలో 1989లో వచ్చిన సినిమాలో నాయకుడు శత్రువులున్న రసాయన కర్మాగారాన్ని పేల్చివేస్తాడు. కామిక్స్‌లో తల్లిదండ్రుల హంతకుడు జో చిల్ అనే చిన్న నేరస్థుడు కాగా, ఈ సినిమాలో జోకరే ఆ హత్య చేసినట్లు చూపారు. దీనితో నేరవ్యవస్థపై జరిగే పోరాటం ఒక వ్యక్తిపై పగగా మారింది.

క్రిస్టఫర్ నోలన్ "బ్యాట్‌మ్యాన్ బిగిన్స్" (2005)లో నాయకుడు ఒక ఖైదీకి మరణశిక్ష అమలు చేయడానికి నిరాకరిస్తాడు. కానీ చివరలో ప్రతినాయకుని చంపకుండానే, రక్షించకుండా వదలివేస్తాడు. "ది డార్క్ నైట్" (2008)లో జోకర్ ముఖం రసాయనాల వలన కాక, పూసుకున్న రంగు వలన తెల్లగా ఉంటుంది. అయినప్పటికీ హీత్ లెడ్జర్ పోషించిన ఆ పాత్ర ప్రశంసలు పొందింది, ఆయనకు మరణానంతరం ఆస్కార్ పురస్కారం లభించింది. 2016లో జాక్ స్నైడర్ సినిమాలో బ్యాట్‌మ్యాన్ శత్రువులను చంపడం తీవ్ర వివాదాస్పదమైనది.

వాదనలు

కామిక్స్ నెలనెలా సాగే కథలనీ, రెండు మూడు గంటల సినిమాకు మార్పులు తప్పవనీ ఒక వాదన. పాత్ర కామిక్స్‌లోనే పలుమార్లు మారినందున ఏ కాలపు బ్యాట్‌మ్యాన్‌కు విధేయంగా ఉండాలన్న ప్రశ్న కూడా ఉన్నది. స్నైడర్ చిత్రాన్ని సమర్థించేవారు తొలి కథలనే ఉదాహరిస్తారు.

పాత్ర పుట్టుక కంటే దశాబ్దాలుగా పాఠకులు గుర్తించిన స్వభావమే ముఖ్యమని ఎదుటివారు అంటారు. జోకర్ వంటి వానిని సైతం చంపకుండా చట్టానికి అప్పగించవలసి రావడంలోనే కథ సంఘర్షణ ఉన్నదనీ, ఆ నియమం తొలగితే ఆ సంఘర్షణ మిగలదనీ వీరి అభిప్రాయం. లెడ్జర్ జోకర్‌కు, 2016 నాటి బ్యాట్‌మ్యాన్‌కు లభించిన స్పందనలలోని తేడాను గమనిస్తే, రూపంలో మార్పును ప్రేక్షకులు సులభంగా అంగీకరించినా, స్వభావంలో మార్పును అంత తేలికగా అంగీకరించలేదని తెలుస్తుంది.

కామిక్స్‌పై తెర ప్రభావం

మార్పులు ఒకవైపు నుండే జరగలేదు. సేవకుడు ఆల్ఫ్రెడ్ మొదట కామిక్స్‌లో లావుగా ఉండేవాడు. 1943 నాటి సీరియల్ చిత్రంలో సన్నని నటుడు ఆ పాత్ర ధరించిన తరువాత, కామిక్స్‌లో కూడా అతనిని సన్నగా, మీసంతో చిత్రించసాగారు. 1992లో టెలివిజన్ కార్టూన్ కోసం సృష్టించిన హార్లీ క్విన్ తరువాత కామిక్స్‌లో ప్రవేశించి ప్రముఖ పాత్ర అయినది.