గుర్రం మీద తొలి వేట: ముందు రంగు, ఆ తర్వాత బూట్లు, చలి సంగతి చివర

అక్టోబరు, నవంబరు నెలల్లో అమెరికాలోని కొలరాడో కొండల్లో తుపాకీతో ఎల్క్ వేట సాగుతుంది. ఎల్క్ మన కణుజుకు దగ్గరి చుట్టం. ఎదిగిన మగది 300 కిలోల పైనే తూగుతుంది. అంత బరువును కొండ దించాలి కాబట్టి అక్కడ వేటకు గుర్రాల మీద వెళ్లడం ఎప్పట్నుంచో ఉంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అందుకే ఈ బట్టల లెక్క డెన్వర్ లాంటి చోట్ల స్థిరపడిన మనవాళ్లకే అక్కరకొస్తుంది.

తొలిసారి వెళ్లేవాళ్లు చలికోటు కొనడంతో మొదలుపెడతారు. అది చివర్లో కొనాల్సింది.

మొదటి లెక్క 500. తోటి వేటగాళ్లకు కనబడేలా నడుముకు పైన, అన్నిటికంటే బయటి బట్ట మీద, కనీసం 500 చదరపు అంగుళాల మేర ఫ్లోరోసెంట్ నారింజ లేదా గులాబీ రంగు ఉండాలని కొలరాడో నిబంధన. అంటే ఐదు ఏ4 కాగితాలకు కాస్త ఎక్కువ. అందులో భాగంగా, ఎటునుంచి చూసినా కనిపించే టోపీ ఉండి తీరాలి. మచ్చల డిజైను నారింజ లెక్కలోకి రాదు. వాన పడగానే నారింజ వెస్ట్ (చేతుల్లేని పైకోటు) మీద ఆకుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్నారా, ఆ 500లో మిగిలేది టోపీయే! కాబట్టి వెస్ట్‌ను రెయిన్‌కోటు మీద పట్టేంత వదులుగా కొనండి. ఈ రంగుకు ఎల్క్ బెదరదా? దాని కంట్లో రంగును పట్టే కణాలు 2 రకాలే, మనకు 3. మనకు మండుతున్నట్టుండే నారింజ దానికి వెలిసిపోయినట్టే ఉంటుంది. గోధుమరంగు గుర్రం దూరం నుంచి వేటగాళ్లకు ఎల్క్‌లాగే కనబడుతుంది కాబట్టి దానికీ ఒక నారింజ గుడ్డ కట్టండి.

తర్వాత బూట్లు. మడమ ఎత్తు 1 అంగుళమైనా లేకపోతే పాదం రికాబులోంచి ముందుకు జారిపోతుంది. పడిపోయిన మనిషిని గుర్రం ఈడ్చుకెళ్లే ప్రమాదం అక్కడే ఉంది. మంచులో నడవడానికి చేసిన లావుపాటి బూట్లతో చిక్కు ఇంకోలా వస్తుంది: అడుగున ఉన్న పళ్లు రికాబుకు పట్టేస్తాయి. బూటు కంటే రికాబు 1 అంగుళం వెడల్పుండాలి. గుర్రం నిలబడి ఉండగానే పాదం పెట్టి, వెనక్కి తీసి చూడండి. గుంజాల్సి వచ్చిందంటే ఆ బూట్లు పనికిరావు.

జీను మీద కూర్చుంటే తల నేలకు దాదాపు 2.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి పడితే నేల తాకే వేగం గంటకు 25 కిలోమీటర్లు. అక్కడ చాలామంది ఉత్త టోపీతోనే తిరుగుతారు. కొత్తవాళ్లు మాత్రం గుర్రపుస్వారీ హెల్మెట్ పెట్టుకుని, దానిమీద నారింజ తొడుగు వేసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఇక చలి. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 2,400 మీటర్ల దగ్గర గుడారంలో మైనస్ 5 ఉంటే, 3,300 మీటర్ల శిఖరం మీద మైనస్ 11 అన్నమాట. గుర్రం మీద కాళ్లకు పని ఉండదు, మోకాళ్లు బిగుసుకుపోతాయి. దిగి ఏటవాలు ఎక్కితే చెమట పడుతుంది. నూలు బనియను ఆ తడిని ఒంటికే అంటిపెట్టుకుని ఉంటుంది. నీరు ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ఒంటికి తగిలే పొర సన్నటి ఉన్నిదే ఉండాలి. ప్యాంటుకు తొడ లోపలివైపు కుట్టు ఉబ్బెత్తుగా ఉంటే రెండు గంటల్లో చర్మం లేస్తుంది.

రెయిన్‌కోటును జీను మీద కూర్చుని తొడుక్కోవద్దు. గుర్రానికి చుట్టూ 350 డిగ్రీల దాకా కనబడుతుంది, వెనక రెపరెపలాడే గుడ్డకు అదిరిపడుతుంది. దిగి, పగ్గాలు చేతిలో ఉంచుకుని, దానికి ముందు చూపించి తొడుక్కోండి. అగ్గిపెట్టె, ఈల, చాకు జీను సంచిలో కాకుండా మీ జేబుల్లో ఉండాలి. గుర్రం పారిపోతే సంచీ దానితోనే పోతుంది.

గుర్రం మీది బరువు దాని బరువులో 20 శాతం మించకూడదంటారు. 500 కిలోల గుర్రానికి 100 కిలోలు. జీను 20, తుపాకీ, సంచులు కలిపి 10 తీసేస్తే మిగిలేది 70. గుర్రాలు అద్దెకిచ్చేవారు మీ బరువు అడిగితే, ఈ బట్టలు, బూట్లు అన్నీ వేసుకుని తూకమెక్కి ఆ అంకె చెప్పండి. దాన్నిబట్టే వాళ్లు మీకు సరిపోయే గుర్రాన్ని ఇస్తారు.