బోగీ అంటే పెట్టె కాదు

నేను అట్టతో చేసిన రైలుపెట్టెలు ఐదు పోగయ్యాయి. వాటిని చిన్నపిల్లల బొమ్మలనుకోకండి, కొలత ప్రకారం చేసినవి. అసలుది మీటరుంటే నాది సెంటీమీటరు. నీలంరంగు పాసింజరు పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, కాబట్టి నాది 21.3 సెం.మీ. విదేశాల్లో ఇవి సేకరించేవాళ్ళు ఎక్కువగా 87వ వంతువి కొంటారట. మనకి లెక్కకి 100 సులువు.

మొదటి పెట్టెకి నాలుగు మూలలా గుండీలు చక్రాలుగా బిగించాను. చీపురుపుల్లల పట్టాల మీద తిన్నగా బాగానే పోయింది. వంపు దగ్గర దబ్బున పడింది. అందరూ నవ్వారు.

సంక్రాంతి తర్వాత అమ్మ మిరపకాయల కోతకి గుంటూరు వైపు పోతుంటే మార్కాపురం రోడ్డు స్టేషన్‌కి వెళ్ళాను. వంగి రైలు కింద చూశాను. చక్రాలు పెట్టెకి బిగించి లేవు! ముందొకటి వెనకొకటి నాలుగు చక్రాల బండ్లు, వాటి మీద పెట్టె కూర్చుంది. ఆ బండి పేరే బోగీ అని సైన్సు టీచరు గారు చెప్పారు. మనమేమో పెట్టెనే బోగీ అంటాం! వంపులో బోగీ తిరుగుతుంది, పెట్టె దాని వెంట పోతుంది. చక్రాలు చూస్తూ అమ్మకి చెయ్యి ఊపనే లేదు. తర్వాత ఏడుపొచ్చింది.

ఇప్పుడు నా పెట్టెలకి రెండేసి అట్ట బోగీలు. రెంటి నడుమ 14.8 సెం.మీ. ఒక్కోదానికి ఒకే గుండుసూది, గట్టిగా గుచ్చకూడదు, తిరగాలి. చక్రానికి పెద్దగుండీ లోపలికి, చిన్నగుండీ బయటికి పెట్టి అతికించాలి. పెద్దదాని అంచు పట్టా దిగనివ్వదు.

చెన్నైలో 1955 నుంచి పెట్టెలు చేస్తున్న ఐ.సి.ఎఫ్. ఫ్యాక్టరీ ఈ పాతరకం చెయ్యడం 2018లో ఆపేసింది. నా ఆరోది కొత్తరకం, 23.5 సెం.మీ. రావాలి. పాత నోటుబుక్కు అట్టలు, ఊడిన గుండీలు పారెయ్యకండి, నాకివ్వండి. అమ్మ వచ్చేలోపు అయిపోవాలి.